మూడు బొడిపె ఊచలు

ఇనుప ఊచల్ని కళ్ళు మూసుకుని ఎంచుకునే మనిషిని మిల్లీమీటర్ తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

రెయిలింగుల షోరూమ్‌లో గోడ పొడుగునా నలభై రకాల ఊచలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మెట్లెక్కేటప్పుడు చేత్తో పట్టుకుంటామే, ఆ పై కమ్మీకి కింద నిలువుగా ఉండేవి. జనం వస్తారు, రంగు చూస్తారు, డిజైన్ చూస్తారు, ఫోన్లో ఫొటో తీసి ఇంట్లోవాళ్ళకి పంపించి గంటసేపు గొడవపడతారు. అదంతా మామూలే. ఈ అమ్మాయి మాత్రం రావడం రావడమే హ్యాండ్‌బ్యాగ్ భుజం మీదికి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మొదటి ఊచ దగ్గర్నుంచి వేళ్ళతో తడుముకుంటూ బయల్దేరింది.

మిల్లీమీటర్ చేతిలో టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆ పేరు అతనికి షాపు ఓనరు పెట్టాడు. ఊచకీ ఊచకీ మధ్య సందు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా పీకి మళ్ళీ బిగించే రకం మరి. ఆరేళ్ళలో అతని పని మీద ఒక్క కంప్లయింటు లేదు. ఆ సంగతి రోజుకొక్కరికైనా చెప్పకపోతే అతనికి తిన్నది అరగదు, అది వేరే విషయం.

"మేడమ్, కళ్ళు తిరుగుతున్నాయా? మంచినీళ్ళు తెమ్మంటారా?"

"తిరగడం లేదు. మూసుకున్నాను."

"ఎందుకండీ?"

"మీరు కాసేపు నోరు మూసుకుంటే చెప్తాను."

అతను మూసుకున్నాడు. ఆవిడ చెప్పలేదు. నలభై ఊచలూ తడిమి, వెనక్కి వచ్చి, మూడింటి మీద చెయ్యి వేసి అప్పుడు కళ్ళు తెరిచింది. ఒకటి నున్నటిది. ఒకటి మెలితిరిగినది. మూడోది మధ్యలో ఉల్లిపాయంత బొడిపె ఉన్నది.

"ఈ మూడూ కావాలి."

"ఇవా! ఇవి పాత మోడల్ మేడమ్. కొత్తగా పువ్వులూ తీగలూ ఉన్న కలెక్షన్ వచ్చింది, చూడ్డానికి ఎంత..."

"చూడ్డానికి ఎలా ఉంటే ఏంటండీ?"

మిల్లీమీటర్ గుండె కలుక్కుమంది. "రెయిలింగ్ చూడ్డానికి కాకపోతే ఇంకెందుకండీ?"

"పట్టుకోడానికి. ఇంకో మాట. ఈ బొడిపె మధ్యలో వద్దు. పైన, కమ్మీకి బెత్తెడు కింద రావాలి."

"అలా ఎవరూ చేయించుకోరండీ. అసహ్యంగా ఉంటుంది."

"మా మెట్లు, మా అసహ్యం. మధ్యలో మీకేంటి బాధ?"

ఇలాంటి కస్టమరు వస్తే ఎవరైనా ఒక దణ్ణం పెట్టి పక్కవాడికి అప్పజెప్పేస్తారు. మిల్లీమీటర్ కూడా అదే చెయ్యాల్సింది. కానీ ఆవిడ చెవి వెనక పెన్సిలున్నట్టు ఒక సుద్దముక్క ఉంది. ఆ సంగతి ఆవిడకి గుర్తులేదు. అది చెప్పాలా వద్దా అని అతను ఆలోచిస్తూ ఉండగానే ఆర్డరు ఫారం మీద అతని చెయ్యి దానంతట అదే సంతకం పెట్టేసింది.

*

కొలతలకి వెళ్తే తెలిసింది, ఆవిడ టైలరు గారమ్మాయి అని. కింద షాపు, పైన ఇల్లు, రెంటికీ మధ్య పదహారు మెట్లు. పాత కాలపు ఇల్లు. మెట్ల పక్కన కొయ్య రెయిలింగ్ పట్టుకుంటే ఊగుతోంది.

టైలర్ మాస్టర్ షాపు ముందు బల్ల దగ్గర, మెడలో టేపు వేసుకుని, ఎదురుగా కత్తెర పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉన్నాడు. కోట్లు కుట్టడంలో ఆయనకి పెద్ద పేరు. కుట్టు మిషన్ వెనక గదిలో ఉంది. కూతురు అక్కడ.

మిల్లీమీటర్ శాంపిల్ ఊచల్ని బల్ల మీద పెట్టాడు. మాస్టర్ వాటి మీద ఒక్కసారి చెయ్యి పోనిచ్చి, మూడోదాని దగ్గర ఆగాడు.

"ఇది వెంట్రుకవాసి వంకరుంది బాబూ."

మిల్లీమీటర్‌కి రోషం వచ్చింది. లెవెల్ తీసి పెట్టి చూశాడు. నిజంగానే వంకర! ఒక్క మిల్లీమీటరు కూడా కాదు, అర మిల్లీమీటరు! ఆరేళ్ళలో తన కన్నా ముందు తప్పు పట్టుకున్న మొదటి మనిషి ఈయన.

"ఏం కన్నండీ మాస్టర్ గారూ మీది! డేగ కన్ను!"

వెనక గదిలో పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉన్న అమ్మాయికి పొలమారింది. సూదులన్నీ నేల మీద పడ్డాయి. మాస్టర్ చిన్నగా నవ్వి, "ఏదో, అలవాటు," అన్నాడు.

అమ్మాయి బయటికొచ్చి ఒక కాగితం అతని చేతిలో పెట్టింది. మెట్టుకి రెండు ఊచలు, ఒకటి నున్నటిది, ఒకటి మెలిది. అక్కడి దాకా బాగానే ఉంది. బొడిపె ఊచలు మాత్రం మొత్తానికి మూడే. కింద నుంచి మూడో మెట్టు మీద ఒకటి, నాలుగో మెట్టు మీద ఒకటి, తర్వాత ఏకంగా పదమూడో మెట్టు మీద ఇంకొకటి.

మిల్లీమీటర్ కాగితాన్ని తలకిందులుగా తిప్పి కూడా చూశాడు. ఎటు తిప్పినా అంతే.

"మేడమ్, ఇందులో పొరపాటు పడినట్టున్నారు."

"పడలేదు."

"మూడు, నాలుగు, పదమూడు. దీనికేమైనా లెక్కుందా?"

"ఉంది."

"ఏంటది?"

"నాకు తెలుసు. చాలు."

"చూసేవాళ్ళు నవ్వుతారండీ. ఆ నవ్వు నా పని మీద పడుతుంది."

"మిల్లీమీటర్ గారూ," అందావిడ. ఆ పేరు ఆవిడ దాకా ఎలా వచ్చిందో! "మీరు ఊచలు బిగించడానికి వచ్చారా, నన్ను ఉద్ధరించడానికి వచ్చారా?"

బల్ల దగ్గర్నుంచి మాస్టర్ నవ్వు వినపడింది. మిల్లీమీటర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

పని ఐదు రోజులు. మొదటి రోజు పాత కొయ్య రెయిలింగ్ పీకేశాడు. దాని పై కమ్మీకి అడుగున మూడు చోట్ల తలలేని మేకులు కొట్టి ఉన్నాయి. ఎవరో బట్టలారేసుకోడానికి కొట్టుకున్నారు కాబోలు అనుకుని చెత్తలో పారేశాడు. రెయిలింగ్ లేనన్నాళ్ళూ మాస్టర్ పైనే ఉండిపోయాడు, కిందికి దిగలేదు.

రెండో రోజు నుంచి గొడవ మొదలైంది. డ్రిల్ వేస్తే దుమ్ము. దుమ్ము పడితే కోట్లు పాడు. కోట్లు పాడైతే ఆవిడ నోరు.

"ట్రయల్‌కి మనిషొస్తే డ్రిల్ ఆపమన్నానా లేదా?"

"మనిషి రాలేదు కదండీ!"

"బొమ్మకి తొడిగి చూసుకుంటున్నాను. బొమ్మ మనిషి కాదా?"

"బొమ్మకి దుమ్ము పడితే తుమ్ము రాదు కదండీ."

ఆవిడ నవ్వాపుకుందామని చూసింది. ఆగలేదు. పెదాల మధ్య సూదులుండగా నవ్వడం ప్రమాదం, అందుకని చేత్తో నోరు మూసుకుని లోపలికి పరిగెత్తింది. ఆ రోజు సాయంత్రం దాకా మిల్లీమీటర్ ఒకే ఊచని నాలుగుసార్లు కొలిచాడు, నాలుగుసార్లూ నాలుగు కొలతలు వచ్చాయి. అతనికీ అర్థమైపోయింది, ఇది టేపులో ఉన్న లోపం కాదని.

మూడో రోజు కుండపోతగా వాన. కరెంటు పోయింది. డ్రిల్ లేదు, మిషన్ లేదు. ఆవిడ రెండు కప్పుల టీ తెచ్చి, పై మెట్టు మీద తను కూర్చుని, రెండు మెట్లు కింద అతన్ని కూర్చోమంది. తలుపులోంచి వాన చినుకులు మొదటి మెట్టు దాకా వచ్చిపడుతున్నాయి.

"నిజంగా మీ పనిలో ఒక్క తప్పు కూడా జరగలేదా?"

"ఆరేళ్ళలో ఒక్కటి చూపించండి."

"అమ్మో. తప్పు చెయ్యని మనిషితో కాపురం కష్టం."

వేడి టీ అతని గొంతులో అడ్డం పడింది. కాపురమా? ఎవరితో? ఎప్పుడు? అడుగుదామని తలెత్తేసరికి ఆవిడ మొహం కూడా ఎర్రబడి ఉంది. తను అన్న మాట తనకే అప్పుడు వినపడినట్టుంది. ఖాళీ కాని కప్పు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

ఇదిగో, ఇక్కడే మనవాడి బుద్ధి గడ్డి తింది. ఐదో రోజు ఆవిడ బొత్తాలకీ లైనింగ్ గుడ్డకీ బజారుకెళ్ళింది. అన్ని ఊచలూ అయ్యాయి, మూడు బొడిపె ఊచలు మిగిలాయి. మిల్లీమీటర్ కాగితం తీశాడు. మూడు, నాలుగు, పదమూడు. మెట్లు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. పాపం, ఆవిడకి లెక్క రాదు, మొండితనం కొద్దీ ఒప్పుకోవడం లేదు. నాలుగు, ఎనిమిది, పన్నెండు అయితే ఎంత ముచ్చటగా ఉంటుంది! ఆవిడ వచ్చి చూస్తుంది. ఆశ్చర్యపోతుంది. అప్పుడు తను చెప్పాల్సిన మాట చెప్పేస్తాడు.

అంతే, నాలుగు, ఎనిమిది, పన్నెండు మీద బిగించేశాడు. కిందికి దిగి చూసుకుంటే రెయిలింగ్ మెరిసిపోతోంది. మనసు గాల్లో తేలింది.

*

అప్పుడే ప్లీడరు గారు వచ్చారు. ఆయన ఆ షాపుకి పాతికేళ్ళ ఖాతా. కొత్త కోటు ట్రయల్ వేసుకుని కోర్టుకెళ్ళాలట, తొందర.

"మాస్టరూ! భోజనం అయిందా? పది నిమిషాల్లో నేను కోర్టులో ఉండాలి!"

"వస్తున్నా, వస్తున్నా!" పైనుంచి మాస్టర్ కోటు చేతి మీద వేసుకుని వచ్చాడు.

"రెయిలింగ్ పూర్తయింది సార్! పట్టుకుని దర్జాగా దిగండి!" అని కింద నుంచి మిల్లీమీటర్ అరిచాడు.

మాస్టర్ కమ్మీ మీద చెయ్యి వేసి, వేళ్ళు కింది ఊచలకి తగిలేలా పట్టుకుని దిగుతున్నాడు. ప్లీడరు గారు కింద నుంచి ఏదో కేసు గురించి చెప్తున్నారు, ఈయన అవునా అవునా అంటున్నాడు. పదహారు. పదిహేను. పధ్నాలుగు. పదమూడు. పదమూడు మీంచి కిందికి వేసిన కాలు అందాల్సిన చోట అందలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో మిల్లీమీటర్ చూశాడే గానీ నమ్మలేదు. మాస్టర్ గాల్లో చెయ్యి చాపాడు. కోటు ఎగిరి కమ్మీ మీద పడింది. మనిషి మెట్ల మీద దొర్లాడు. మిల్లీమీటర్ మూడేసి మెట్లు ఒక్క గంతులో దూకి తొమ్మిదో మెట్టు మీద ఆయన్ని ఒడిసి పట్టుకున్నాడు.

"సార్! సార్, నన్ను చూడండి! దెబ్బ ఎక్కడ తగిలింది?"

మాస్టర్ చూశాడు. కానీ మిల్లీమీటర్ని కాదు, అతని భుజం పక్కన ఉన్న ఖాళీని.

"నువ్వేనా బాబూ?" అన్నాడు, జానెడు దూరంలో ఉన్న మొహాన్ని పట్టుకుని.

డేగ కన్ను! తడిమి చూసిన ఊచలు, కళ్ళు మూసుకున్న అమ్మాయి, తలలేని మేకులు, మూడు, నాలుగు, పదమూడు. ఒక్కసారిగా అన్నీ వచ్చి మిల్లీమీటర్ నెత్తిన పడ్డాయి. ఈయనకి కళ్ళు కనపడవు. ఆ ఊచలు ఈయన కళ్ళు. వాటిని తను అందం కోసం మార్చేశాడు.

"ఏంటి మాస్టరూ, మెట్టు కనపడలేదా?" అన్నారు ప్లీడరు గారు.

గుమ్మం దగ్గర దబ్బుమని చప్పుడైంది. అమ్మాయి వచ్చింది. చేతిలో సంచి జారి బొత్తాలు నాలుగు వైపులా దొర్లిపోతున్నాయి. ఆవిడ ముందు నాన్నని చూసింది, తర్వాత రెయిలింగ్‌ని చూసింది, ప్లీడరు గారి ప్రశ్న విని కొయ్యబారిపోయింది. ఆ ప్రశ్నకి ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి.

"నా తప్పండీ," అన్నాడు మిల్లీమీటర్. "ఊచ సరిగ్గా బిగించలేదు. సార్ పట్టుకోగానే ఊడొచ్చింది."

"ఊడొచ్చిందా! ప్రాణాలు తీస్తావా?" ప్లీడరు గారు అక్కడికక్కడే ఫోన్ తీసి షోరూమ్ ఓనరుకి చేశారు. నోటీసు పంపిస్తానన్నారు. లైసెన్సు రద్దు చేయిస్తానన్నారు. ఫోన్లో ఓనరు గొంతు మిల్లీమీటర్‌కి కూడా వినపడింది. రేపట్నుంచి వాడు పనిలోకి రానక్కర్లేదు అంటోంది.

ఆరేళ్ళ పేరు అర నిమిషంలో పోయింది. అతను తల దించుకుని నిలబడ్డాడు.

*

మాస్టర్‌కి చీలమండ బెణికింది, ఇంకేం కాలేదు. అదే పది వేలు. ప్లీడరు గారు వెళ్ళాక, ఆయన్ని పైన పడుకోబెట్టాక, మెట్ల మీద అమ్మాయి అతని మీద విరుచుకుపడింది.

"మూడంటే మూడు అంకెలు చెప్పాను మీకు! మూడు! నాలుగు! పదమూడు! గుర్తు పెట్టుకోవడం అంత కష్టమా?"

"ఎందుకో చెప్పి ఉంటే..."

"చెప్తే? సాయంత్రానికి ఊరంతా తెలిసేది. కళ్ళు కనపడని టైలరు దగ్గరికి కోటు కుట్టించుకోడానికి ఎవరొస్తారు? మూడేళ్ళయింది ఆయనకి చూపు తగ్గిపోయి. కొలతలు వేళ్ళతో తీస్తారు, నేను కత్తిరిస్తాను, నేను కుడతాను. బయటికి మాత్రం అన్నీ ఆయనే. ఈ షాపు లేకపోతే మా నాన్న మంచం దిగరండీ! ఈ మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతున్నాను కదా అన్న ధైర్యంతో బతుకుతున్నారు. ఆ ధైర్యాన్ని ఇవ్వాళ మీరు మెట్ల మీంచి తోసేశారు."

అతను వంగి టేపు తీసి మెట్లు కొలిచాడు. అన్నీ ఏడంగుళాల ఎత్తు. మూడోది తొమ్మిది. నాలుగోది పాదం సగం కూడా పట్టనంత ఇరుకు. పదమూడోది పదంగుళాలు. పాతకాలం మేస్త్రీ ఎవరో కళ్ళు మూసుకుని కట్టిపోయాడు. ఊచలు కోసేటప్పుడు అక్కడ పొడుగు తేడా వచ్చిందని మిల్లీమీటర్‌కి తెలుసు. తేడా వస్తే ఊచని ఆ మేరకు కోశాడు. ఆ తేడా మీద ఒక కాలు పడుతుందని మాత్రం తట్టలేదు.

"ఇంక వెళ్ళండి," అందావిడ. ఆ మాట నెమ్మదిగా అంది. గట్టిగా అరిచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

*

మర్నాడు షాపు తలుపు తెరిచే వేళకి మిల్లీమీటర్ సొంత పనిముట్ల సంచితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మిమ్మల్ని పనిలోంచి తీసేశారట కదా. ఎందుకొచ్చారు?"

"మూడు ఊచలు మార్చాలి."

ఆవిడ తలుపు మూసెయ్యలేదు. తెరవనూ లేదు. "ప్లీడరు గారికి అబద్ధం ఎందుకు చెప్పారు? మీ ఊచ ఊడలేదు. ఏనుగుని కట్టినా ఊడదు."

"తప్పు నాదే కదండీ. కాస్త వేరే తప్పు, అంతే."

"మీ పేరు పోయింది."

"పోనివ్వండి. మీ షాపు పేరు పోతే నేను మళ్ళీ బిగించలేను."

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. కళ్ళు తుడుచుకున్నట్టుంది, చీదినట్టు కూడా ఉంది, అతను చూడనట్టు నటించాడు. తలుపు తెరుచుకుంది.

మధ్యాహ్నానికి బొడిపె ఊచలు మూడూ తమ తమ చోట్లలో నిలబడ్డాయి. మూడు, నాలుగు, పదమూడు. మాస్టర్ కింద కుర్చీలో కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నాడు. అప్పుడు వచ్చారు ప్లీడరు గారు, కోటు కోసం. మెట్ల మీద మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"వీణ్ణి మళ్ళీ లోపలికి రానిచ్చావా మాస్టరూ! నిన్న నిన్ను చంపబోయాడు!"

"వాడి ఊచ ఊడలేదు ప్లీడరు గారూ," అన్నాడు మాస్టర్. "నాకే మెట్టు కనపడలేదు. మెట్టే కాదు, మీరూ కనపడరు. మూడేళ్ళయింది."

"నాన్నా!" అమ్మాయి కత్తెర వదిలేసింది. మిల్లీమీటర్ చేతిలో స్పానర్ జారింది. ప్లీడరు గారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"ఊరుకో అమ్మాయ్. నా గుట్టు దాచడానికి ఒకడు కూడు పోగొట్టుకుంటే, నేను ఇక్కడ కాలు చాపుకుని కూర్చోలేను." మాస్టర్ ఆగలేదు. "మూడేళ్ళ నుంచీ మీ కోట్లు నేను కుట్టలేదండీ. మా అమ్మాయి కుట్టింది. ఇష్టమైతే రండి, లేకపోతే మానండి."

అమ్మాయి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని నిలబడింది. ప్లీడరు గారు బల్ల మీద ఉన్న కొత్త కోటుని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. వేసుకున్నారు. భుజాలు ఆడించారు.

"మూడేళ్ళా?"

"మూడేళ్ళు."

"అదా సంగతి! మూడేళ్ళ నుంచే నా కోటు చంకల కింద పట్టెయ్యడం మానేసింది. నేను సన్నబడ్డాననుకున్నానయ్యా! మా ఆవిడతో పందెం కూడా కాశాను!"

ఈసారి నిర్ఘాంతపోవడం మాస్టర్ వంతు. "పట్టేసేదా? ఇరవై ఏళ్ళకి పైగా వేసుకున్నారు, ఒక్కసారైనా చెప్పారా?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? ఊపిరి బిగబట్టుకుని వాదించేవాణ్ణి." ప్లీడరు గారు వెనక్కి తిరిగారు. "అమ్మాయ్, ఇంకో రెండు కోట్లకి కొలతలు రాసుకో. నీకే చెప్తున్నాను, మీ నాన్నకి కాదు. ఏమయ్యా ఊచలబ్బాయ్, బయటికి రా, మీ ఓనరుకి ఫోన్ కలుపు. నోటీసు పంపడం లేదని చెప్పాలి."

*

వీధిలో ఓనరుతో మాట్లాడేసరికి చాలాసేపు పట్టింది. ఓనరు ముందు నమ్మలేదు, తర్వాత సారీ చెప్పాడు, తర్వాత రేపే రమ్మన్నాడు. మిల్లీమీటర్ లోపలికొచ్చేసరికి ముందు గదిలో ఎవరూ లేరు. కుర్చీ ఖాళీ. మాస్టర్ని లోపల ఎక్కడో పడుకోబెట్టి ఉంటారనుకున్నాడు.

పని ముగించే ముందు ఒక్క పరీక్ష మిగిలింది. బల్ల మీద నల్ల లైనింగ్ గుడ్డ ముక్క ఉంటే తీసి కళ్ళకి గట్టిగా కట్టుకున్నాడు. కమ్మీ పట్టుకున్నాడు. ఒకటి. రెండు. వేలికి బొడిపె తగిలింది. కాలు ఎత్తుగా లేపాడు, సరిగ్గా పడింది. మళ్ళీ బొడిపె. పాదం పక్కకి తిప్పి వేశాడు. అప్పుడు మొదలైంది నున్నటిదీ మెలిదీ, నున్నటిదీ మెలిదీ. చీకట్లో ఆ ఊచలు ఒక్కొక్కటే చేతికి తగులుతుంటే ధైర్యంగా ఉంది. పదమూడో మెట్టు బొడిపె దగ్గర ఆగాడు.

పైన కత్తెర చప్పుడైంది. కటకట.

కత్తెర ఎక్కడుంటే ఆవిడ అక్కడే. మొహం కనపడకపోవడమే మంచిదయింది, కనపడితే అతని నోరు పెగలదు.

"కట్టు విప్పను. విప్పితే చెప్పలేను," అన్నాడు. "మీరేం అనకుండా వినండి. నాకు మీరంటే ఇష్టం. షోరూమ్‌లో నోరు మూసుకోమన్నారే, అప్పట్నుంచే. తప్పు చెయ్యని మనిషితో కాపురం కష్టం అన్నారు. ఇప్పుడు చేశాను కదా, ఎంత పెద్దదో మీరే చూశారు. ఇంకా చేస్తానేమో, తెలీదు. కానీ ఈసారి మీరు ఒక మాట చెప్తే ఎందుకని అడగకుండా నమ్ముతాను. జీవితాంతం మీతో ఉండాలని ఉంది. ఒప్పుకుంటారా?"

పైన కత్తెర ఆగిపోయింది.

"నాకూ నువ్వంటే ఇష్టమే బాబూ," అంది మాస్టర్ గొంతు. "కానీ ఈ వయసులో నేను పెళ్ళేం చేసుకుంటాను?"

మిల్లీమీటర్ గుండె ఠక్కున ఆగి, మళ్ళీ మొదలవడానికి కాస్త టైం తీసుకుంది. కమ్మీ పట్టుకుని ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పదమూడు మెట్లూ దొర్లేవాడే.

"మాస్టర్ గారూ! మీరా! మీరు... మీరు పైకి ఎలా వచ్చారు?"

"మెట్ల మీదుగా. నీ ఊచలు పట్టుకుని. ఒక్కణ్ణే." ఆ ఒక్కణ్ణే అన్న మాటని ఆయన ఎంత గర్వంగా అన్నాడంటే, మిల్లీమీటర్‌కి సిగ్గు మధ్యలో కూడా సంతోషం వేసింది. "కట్టు గుడ్డ పొడుగెక్కువైంది, కత్తిరించుకుంటున్నాను."

"సార్, క్షమించండి సార్, నేను అమ్మాయి గారనుకుని..."

"అది తెలుస్తూనే ఉందిలే. నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. నువ్వు ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ వెనక గదిలో మిషన్ నడవడం లేదు. నువ్వు మెట్టెక్కితే ఆగుతుంది, దిగితే ఆగుతుంది, తుమ్మితే ఆగుతుంది. ఐదు రోజుల్లో ఒక్క కోటు చెయ్యి కూడా కుట్టలేదు మా అమ్మాయి. ఇందాకట్నుంచీ మిషన్ ఆగే ఉంది, విన్నావా?" మాస్టర్ గొంతు పెంచాడు. "అమ్మాయ్! ఈ అబ్బాయి నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు! ఏం చెప్పమంటావు?"

మిల్లీమీటర్ కళ్ళకి గంతలతో, నడి మెట్ల మీద నిలబడ్డాడు. పారిపోదామంటే కిందికి ఎన్ని మెట్లో కూడా గుర్తు రావడం లేదు.

కింద నుంచి నవ్వు కలిసిన గొంతు వచ్చింది. పెదాల మధ్య సూదులున్నట్టున్నాయి, మాట ముద్దముద్దగా ఉంది.

"ఒప్పేసుకోండి నాన్నా. ఇంత మంచి సంబంధం మీకు మళ్ళీ రాదు."

అతను విన్నది నిజమో కాదో తెలియక కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గంతలు విప్పు బాబూ," అన్నాడు మాస్టర్. "నా వైపు కాదు. కిందికి చూడు."